ఎండతో నిప్పు రాజేయడానికి ఏది తీసుకోవాలి: భూతద్దమా, ప్లాస్టిక్ షీటా, టార్చి డూమా, డిష్షా?

కావలిలో మా అత్తగారింట్లో రథసప్తమికి పెరట్లో పిడకలు పేర్చి, వాటి మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం. మూడేళ్ల కిందట నేను అగ్గిపుల్ల గీయబోతుంటే మా అత్తయ్య ఆపింది. "సూర్యుడి పండక్కి సూర్యుడి నిప్పే పెట్టుకోకూడదా అమ్మా? బళ్లో పిలకాయలకు అదే కదా చెప్తావు" అంది. నేను ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఇంట్లో ఉన్న చిన్న భూతద్దం తెచ్చి పిడక మీదికి ఎండ పట్టాను. పావుగంట తర్వాత పిడక మీద ఒక నల్ల చుక్క, సన్నటి పొగ, అంతే. పొద్దెక్కుతోందని చివరికి అగ్గిపుల్లే గీశాం. అత్తయ్య ముఖంలో కనిపించిన నిరాశ నన్ను వదల్లేదు.

ఆ వేసవి నుంచి దొరికిన ప్రతి కటకాన్నీ, ప్రతి అద్దాన్నీ మేడ మీద, పొలం గట్టు మీద, బడి ఆవరణలో పట్టి చూశాను. ఇప్పుడు తోటి టీచర్లు, పొలం పనుల్లో ఉండే బంధువులు "ఏది కొంటే పని అవుద్ది?" అని అడుగుతున్నారు. వాళ్లకు విడివిడిగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఏం చూడాలి

అద్దం ఎంత పెద్దదనే అందరూ మొదట చూస్తారు. అది సగం సంగతే. మిగతా సగం నాభ్యంతరం, అంటే అద్దం నుంచి ఎండ చుక్కగా కుదురుకునే చోటికి ఉండే దూరం.

సూర్యుడు మనకు తన వ్యాసానికి దాదాపు 108 రెట్ల దూరంలో ఉన్నాడు. అందువల్ల ఏ కటకమైనా, ఏ పుటాకార దర్పణమైనా (లోపలికి గుంటగా వంగిన అద్దం) ఏర్పరిచే సూర్యబింబం దాని నాభ్యంతరంలో 108వ వంతు ఉంటుంది. నాభ్యంతరం 20 సెంటీమీటర్లైతే చుక్క రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, ఆవగింజంత. 50 సెంటీమీటర్లైతే నాలుగున్నర మిల్లీమీటర్లు, పెసరగింజంత. ఒకే వెడల్పున్న రెండు అద్దాలు పట్టేది ఒకే ఎండ. కానీ ఆవగింజంత చోట పడినప్పుడు అది ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది.

ఎన్ని రెట్లు చిక్కబడుతుందో కొనేముందే లెక్కేసుకోవచ్చు. నాభ్యంతరాన్ని వెడల్పుతో భాగించండి. వచ్చిన అంకెతో 108ని భాగించి, ఆ వచ్చినదాన్ని దానితోనే హెచ్చించండి. నాభ్యంతరం వెడల్పుకు మూడు రెట్లుంటే 36 ఇంటూ 36, సుమారు 1,300 రెట్లు. పది రెట్లుంటే 117 రెట్లే. మొదటిదానితో నిప్పు పుడుతుంది. రెండోదానితో అరచెయ్యి చురుక్కుమంటుంది. గాజు పనితనాన్ని బట్టి ఈ అంకెలు కొంత తగ్గుతాయి కానీ వరస మారదు.

నాభ్యంతరం కొలవడానికి ఎండలోకి పోనక్కర్లేదు. కొట్లో నిలబడే, బయటి వీధి బొమ్మ లోపలి గోడ మీద స్పష్టంగా పడేదాకా కటకాన్ని ముందుకూ వెనక్కీ జరపండి. గోడకూ కటకానికీ మధ్య దూరమే నాభ్యంతరం. జేబులో చిన్న స్కేలుంటే చాలు. జానెడు దాటిందంటే చిన్న అద్దమైతే వద్దనండి.

రెండో సంగతి, చుక్క ఎటు పడుతుందనేది. కటకం ఎండను తన అవతలికి దింపుతుంది. సూర్యుడు పైన, కటకం చేతిలో, ముందుగా అంటించే పీచు నేల మీద. చేతికి ఎంతో వీలు. పుటాకార దర్పణం అలా కాదు, ఎండను తిరిగి సూర్యుడి వైపే పంపుతుంది. చుక్క గాల్లో ఏర్పడుతుంది. పీచును అక్కడ పట్టుకోవాలి, ఆ పీచు నీడా మన చేతి నీడా ఆ దర్పణం మీదే పడతాయి. ఈ ఒక్క తేడా వల్ల చాలామంది దర్పణాలతో విసిగిపోతారు.

మూడోది మన ఎండ. "రోహిణీ కార్తెలో అయితే ఇట్టే అంటుకుంటుంది, మిగతా నెలల్లో కష్టం" అనుకుంటారు. గాలి ఎంత వేడిగా ఉందనేదానికి ఇక్కడ పెద్ద పాత్ర లేదు. సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కిరణాలు కావాలి. జనవరిలో కూడా నెల్లూరు, ఒంగోలుల్లో మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీలకు పైనే ఉంటాడు. నెల్లూరులో ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. మన జిల్లాల్లో నిజమైన మధ్యాహ్నం గడియారంలో 12 గంటలకు కాదు, సగటున 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో.

అసలు అడ్డంకి పల్చటి మబ్బు తెర. వెలుతురు బాగానే ఉన్నట్టుంటుంది, చుక్క మాత్రం కుదరదు. నీడ అంచు చూసుకోండి. కత్తిరించినట్టు ఉంటే పని జరుగుతుంది, చెదిరినట్టుంటే ఆ పూటకు మానేయండి. ఈశాన్య రుతుపవనాల వానలు మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి ఆ మూడు నెలలూ ఎండను నమ్ముకుని పొయ్యి పెట్టుకోవద్దు.

నాలుగోది, పని అయ్యాక ఆ వస్తువును ఎలా దాస్తారు? దీన్ని ఎవరూ అడగరు. నేను అడగకనే ఒకసారి దెబ్బ తిన్నాను, ఆ సంగతి కింద చెప్తాను.

ఒక్క చూపులో

మబ్బు లేని మధ్యాహ్నం చదరపు మీటరు మీద సుమారు 1,000 వాట్ల ఎండ పడుతుంది. కింది పట్టికలో వాట్లు ఆ లెక్కన వేసినవి, అంటే గరిష్ఠంగా పట్టేవి. చుక్కకు చేరేది ఇంతకన్నా తక్కువే.

| వస్తువు | వెడల్పు | పట్టే ఎండ | చేతి వీలు | ఏమరుపాటులో ప్రమాదం |
|---|---|---|---|---|
| గాజు భూతద్దం | 7.5 సెం.మీ. | 4.4 వాట్లు | చాలా తేలిక | కొంత |
| గాజు భూతద్దం | 10 సెం.మీ. | 7.9 వాట్లు | తేలిక | కొంత |
| శుక్లాల నాటి దళసరి కళ్లద్దాలు | 4.5 సెం.మీ. | 1.6 వాట్లు | తేలిక, ఓపిక కావాలి | తక్కువ |
| పాత టార్చి డూము (బల్బు చుట్టూ ఉండే మెరిసే గిన్నె) | 6 సెం.మీ. | 2.8 వాట్లు | తేలిక, కంత ఉంటే | తక్కువ |
| స్కూటర్ హెడ్‌లైటు డూము | 15 సెం.మీ. | 17.7 వాట్లు | మధ్యస్థం | ఎక్కువ |
| ప్లాస్టిక్ షీటు (అక్షరాలు పెద్దగా కనబడేందుకు పేజీ మీద పరిచేది) | ఏ4 కాగితమంత | 62 వాట్లు | ఇద్దరుంటే మేలు | చాలా ఎక్కువ |
| వంట డిష్ (ఎండను గిన్నె మీదికి మళ్లించే మెరిసే పళ్లెం) | 1.4 మీ. | 1,540 వాట్లు | స్టాండు తప్పదు | చాలా ఎక్కువ |

గాజు భూతద్దం

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. అందులోనూ 7.5 సెంటీమీటర్ల కన్నా 10 సెంటీమీటర్లది. స్టేషనరీ కొట్లలోనూ, ల్యాబ్ సామాన్లమ్మే చోటా దొరుకుతుంది. రెండింటి నాభ్యంతరమూ 20, 25 సెంటీమీటర్ల దగ్గరే ఉంటే పెద్దది దాదాపు రెట్టింపు ఎండను అదే చుక్కలోకి దింపుతుంది. 10 కన్నా పెద్ద గాజుది బరువు, చెయ్యి వణుకుతుంది, చుక్క నిలవదు. వణికే పెద్ద అద్దం కన్నా నిలకడగా పట్టిన చిన్న అద్దం మేలు.

గాజుదే తీసుకోండి. పిలకాయల బొమ్మల సెట్లలో వచ్చే ప్లాస్టిక్ భూతద్దం కొత్తలో బాగానే పనిచేస్తుంది, గీతలు పడ్డాక చుక్క అలుక్కుపోతుంది. కింద మూల చిన్న బుడిపెలాంటి రెండో అద్దం అతికించి ఉన్నవి చదువుకోవడానికి బాగుంటాయి, నిప్పుకు ఆ మేరకు ఎండ వృథా.

పట్టేటప్పుడు అద్దం సూర్యుడికి సూటిగా ఉండాలి, నేలకు సమాంతరంగా కాదు. చుక్క నిడుపుగా తోకచుక్కలా కనబడితే అద్దం వంగి ఉన్నట్టు. గుండ్రంగా, అంచు పదునుగా వచ్చేదాకా తిప్పి, అప్పుడు దూరం సరిచేసుకోండి. మోచేతిని మోకాలి మీద ఆనించుకుంటే కదలదు.

కళ్లద్దాలు

పొదిలి వైపు మా అమ్మమ్మ ఊళ్లో తాత తన కళ్లద్దాలతో చుట్ట వెలిగించుకునేవాడు. అది పొగాకు పండే నేల, చుట్టకు కరువు లేదు. చుట్ట కొసను కాస్త నలిపి, కళ్లద్దం తీసి బెత్తెడు పైన పట్టేవాడు. ఆవగింజలో సగం కూడా లేని వెలుగు చుక్క నల్లబడేది, ఎర్రబడేది, అప్పుడు తాత బుగ్గలు లోపలికి పోయేలా పీల్చేవాడు. చిన్నప్పుడు అది తాత మహిమ అనుకున్నాను.

అసలు సంగతి ఆ అద్దాల్లో ఉంది. కంట్లో కొత్త కటకం పెట్టే ఆపరేషన్లు అందరికీ అందని రోజుల్లో, శుక్లం తీసేసి ప్లస్ 10 దరిదాపుల్లో దళసరి అద్దాలిచ్చేవాళ్లు. ప్లస్ 10 అంటే నాభ్యంతరం 10 సెంటీమీటర్లే. చుక్క ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది. పట్టే ఎండ ఒకటిన్నర వాటే అయినా, చుట్టాకు లాంటి ముదురు రంగు ఎండుటాకుకు అది చాలింది.

ఇప్పుడు మనం పెట్టుకునే ప్లస్ 1, ప్లస్ 2 అద్దాలతో ఆ పని కాదు. ప్లస్ 2 నాభ్యంతరం అర మీటరు. ప్లస్ 3 అయితే బొగ్గు చేసిన గుడ్డ మీద (తయారీ కింద చెప్తాను), మిట్టమధ్యాహ్నం, ఓపికుంటే సాధ్యం. దూరపు చూపుకు పెట్టుకునే మైనస్ అద్దాలు ఎండను చెదరగొడతాయి కాబట్టి ఎంత దళసరివైనా పనికిరావు. అక్షరాల మీద పెట్టినప్పుడు అక్షరం పెద్దదైతే ప్లస్, చిన్నదైతే మైనస్. ఇంట్లో తాతలనాటి అద్దాలుంటే ఒకసారి చూసుకోండి. కొనడానికి మాత్రం ఇది దారి కాదు.

ప్లాస్టిక్ షీటు

పుస్తకం పేజీ మీద పరచి చదువుకునే పల్చటి షీటు. దగ్గరగా చూస్తే వేలిముద్రలో గీతల్లా వలయాలుంటాయి. ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ అనే ఇంజనీరు దీపస్తంభాల కోసం కనిపెట్టిన పద్ధతి ఇది. దళసరి కటకంలో వంపు చేసే పనే ముఖ్యం, మధ్యలో గాజు మందం వృథా అని గ్రహించి, వంపును ముక్కలు చేసి ఒకే మట్టానికి దింపాడు. అలాంటి కటకాన్ని 1823లో కోర్దువాన్ దీపస్తంభంలో మొదట వెలిగించారు. అక్కడ దీపపు వెలుగు బయటికి పోతుంది, మనం ఎండను లోపలికి తెస్తాం. దారి ఒకటే.

బలం సంగతికొస్తే చేతిలో పట్టుకునేవాటిలో దీనికి సాటి లేదు. ఏ4 అంత షీటు 60 వాట్లకు పైగా పట్టుకుంటుంది, 10 సెంటీమీటర్ల భూతద్దానికి ఎనిమిది రెట్లు. ప్లాస్టిక్ కాబట్టి చుక్క అంత పదునుగా ఉండదు, అయినా ఎండు చితుకు కూడా కొద్ది క్షణాల్లో పొగలు కక్కుతుంది. మడిచినా, చుట్టినా పాడవుతుంది. చెక్క చట్రానికి బిగిస్తేనే కుదురుగా ఉంటుంది.

బలమే దీని చిక్కు కూడా. రెండేళ్ల కిందట బళ్లో ప్రయోగం అయ్యాక షీటును వరండా గోడకు ఆనించి లోపలికి పోయాను. హాజరు తీసి వచ్చేసరికి కింద పరిచిన కొబ్బరి పీచు పట్ట అంచు నుంచి పొగ. వేలెడంత కాలింది, పక్కనే పిలకాయల పుస్తకాల సంచులు. నీళ్లు పోసి ఆర్పాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి దాన్ని నల్ల గుడ్డ సంచిలో పెట్టి, సంచి బీరువాలో పెడతాను. ప్రయోగంలో కూడా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి సంచిలోనే పోవాలి. ఆ క్రమశిక్షణ మీ ఇంట్లో సాధ్యమైతేనే దీన్ని కొనండి. తాటాకు పాకలు, గడ్డివాములు దగ్గరున్న చోటికి అసలు తీసుకెళ్లవద్దు.

దీని చుక్కను ఉత్తి కళ్లతో చూడకూడదు. వెల్డింగ్ పనివాళ్లు పెట్టుకునే నల్ల అద్దాలు పెట్టుకోండి. ఏ కటకంలోంచీ సూర్యుణ్ణి చూడటమనేది నల్ల అద్దాలున్నా, ఒక్క క్షణమైనా చేయకూడని పని.

పుటాకార దర్పణం, డూములు

పదో తరగతి సైన్సులో పుటాకార దర్పణంతో కాగితం కాల్చే కృత్యం ఉంది. ల్యాబ్‌లో దొరికే 5 సెంటీమీటర్ల దర్పణంతో అది చేయడానికి పిలకాయలు తంటాలు పడతారు, ఎందుకంటే తెల్ల కాగితం పట్టుకుంటారు. అచ్చు నల్లగా పడిన పత్రిక ముక్కను కత్తెరతో సన్నగా కోసి, పుల్ల చివర గుచ్చి పట్టుకోమనండి. నీడా తగ్గుతుంది, పొగా త్వరగా వస్తుంది. గడ్డం గీసుకునే పెద్ద అద్దాలు వెడల్పే కానీ నాభ్యంతరం ఎక్కువ, వంపు కూడా ముఖం చూసుకోవడానికి సరిపడా ఉంటుంది తప్ప కచ్చితంగా ఉండదు.

టార్చి డూము ఈ చిక్కునంతా దాటేస్తుంది. పాత బల్బు టార్చిలో బల్బు సరిగ్గా నాభి దగ్గర ఉంటుంది, అందుకే వెలుగు తిన్నగా దూరం పోతుంది. బల్బు తీసేసి, ఆ కంతలో వెనక నుంచి పీచు గానీ, బొగ్గుగుడ్డ చుట్ట గానీ దోపితే, అదే దారిలో ఎండ వెనక్కి వచ్చి సరిగ్గా దాని మీద కుదురుకుంటుంది. చెయ్యి వెనక ఉంటుంది, నీడ పడదు. దూరం వెతుక్కునే పని లేదు. కనిగిరి వైపు నుంచి వచ్చే మా తొమ్మిదో తరగతి అబ్బాయి వాళ్ల తాత టార్చిని ఇలా విప్పి, భూతద్దం పట్టుకున్న వాళ్లకన్నా ముందు పొగ తెప్పించాడు. ఇప్పటి ఎల్ఈడీ టార్చిల్లో డూము చిన్నది, పూత పెట్టిన ప్లాస్టిక్, వేడికి మెత్తబడుతుంది. పాత ఇనుప టార్చి అటకమీద ఉంటే పారేయకండి.

స్కూటర్ హెడ్‌లైటు డూము ఇదే సూత్రం, పెద్ద బలం. పాత సామాన్ల కొట్లో లోపలి మెరుపు పోనిది ఏరుకోండి. తుప్పు మరకలుంటే తీసుకోవద్దు, తుడిస్తే మెరుపు కూడా ఊడొస్తుంది. ముందు గాజు తీసేయాలి. ఆ గాజు మీది గాళ్లు వెలుగును పక్కలకు పరిచేందుకే పెట్టినవి. ఇది చేత్తో కన్నా చిన్న ముక్కాలిపీట మీద మెరుగ్గా నిలుస్తుంది.

నీళ్లు నింపిన బల్బు, సీసా

ఏమీ లేనప్పటి దారి. గుండ్రటి గాజు బల్బులో నీళ్లు నింపితే చుక్క బల్బు అంచు నుంచి దాని వ్యాసంలో సగం దూరంలో పడుతుంది, కానీ అంచుల నుంచి వచ్చే ఎండ ఒక్కచోట కలవదు. పూర్తి గాజు గోళమైతే బాగానే కాలుస్తుంది. వాతావరణ కేంద్రాల్లో రోజుకు ఎన్ని గంటలు ఎండ కాసిందో చెప్పే పాత పరికరం అదే: గాజు గోళం వెనక అట్ట ముక్క, ఎండ ఉన్నంతసేపూ కాలిన గీత, మబ్బు పట్టిన చోట గీత తెగుతుంది. నీళ్ల సీసా విషయంలో నా సలహా తిరగేసి చెప్తాను: నిండు సీసాను కారు సీటు మీదా, గడ్డి మీదా ఎండలో వదలకండి.

వంట డిష్

1.4 మీటర్ల డిష్ పట్టే 1,540 వాట్లలో గిన్నెకు చేరేది 600 వాట్ల దరిదాపు. అన్నం, పప్పు, వేపుడు అన్నీ అవుతాయి. తిరుమలలో 2002లో ఇలాంటి పెద్ద డిష్‌లు 106 పెట్టి, ఆవిరి పుట్టించి, రోజుకు 15 వేల మందికి వండేలా ఏర్పాటు చేశారు. వంటే మీ అవసరమైతే డిష్ మంచిది. ఉత్త నిప్పు రాజేయడానికే అయితే వద్దు, ఎలుక కోసం ఇల్లు తగలబెట్టినట్టవుతుంది. పాత టీవీ డిష్‌కు మెరుపు స్టిక్కర్లు అతికించి ఇంట్లోనే చేసుకుంటున్నవాళ్లను చూశాను. వాళ్లకు ఒకటే మాట: వాడనప్పుడు బోర్లా తిప్పి గోనెపట్టా కప్పండి. పెట్టె ఆకారంలో ఉండే సోలార్ కుక్కర్ వేరు, అది ఎండను చుక్కగా చేయదు, వేడిని లోపల దాస్తుంది, దానితో నిప్పు రాదు.

అద్దం కన్నా ముఖ్యమైనది పీచు

మూడేళ్ల కిందట నేను ఓడిపోయింది ఇక్కడే. భూతద్దం చిన్నదే, కానీ తప్పంతా దానిది కాదు. జనవరి మంచుకు తడిసిన పిడక, దాని గట్టి పైపొర, ఆ పొర బల్లపరుపుగా ఉన్న చోట చుక్క. ఆ కాస్త వేడినీ పిడక లోపలికి లాగేసుకుంది.

నిప్పు రెండు అంచెల్లో పుడుతుంది. మొదట చుక్క కింద ఏదో ఒకటి కణకణలాడాలి, తర్వాత అది పక్కదానికి అంటాలి. మొదటి అంచెకు నలుపు కావాలి. జిల్లేడు దూది, బూరుగు దూది చూడటానికి నిప్పు కోసమే పుట్టినట్టుంటాయి, కానీ తెలుపు కాబట్టి ఎండను తిప్పికొడతాయి. అన్నిటికన్నా మేలైనది బొగ్గుగుడ్డ. పాత నూలు గుడ్డ ముక్కల్ని మూతున్న చిన్న రేకు డబ్బాలో పెట్టి, మూతకు మేకుతో ఒక కంత పొడిచి, పొయ్యి మీద పెట్టండి. కంతలోంచి పొగ వచ్చి, తగ్గి, ఆగిపోతుంది. ఆగాక దించి, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి, తొందరపడి తీస్తే గాలి తగిలి అంతా బూడిదవుతుంది. సరిగ్గా అయిన గుడ్డ నల్లగా, నేత చెడకుండా, పట్టుకుంటే విరిగేలా ఉంటుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డ కరిగి ముద్దవుతుంది, పనికిరాదు.

దీని మీద చుక్క పడితే మంట రాదు. చుక్క అంచు చుట్టూ సన్నటి నారింజ రంగు ఉంగరం పుట్టి, నెమ్మదిగా బయటికి పాకుతుంది. ఎండలో అది కనబడదు, చేత్తో నీడ పట్టి చూడండి.

రెండో అంచెకు కొబ్బరి పీచు లేదా తాటి పీచును వేళ్లతో విడదీసి పిట్టగూడులా చేసుకోండి. మధ్యలో నలిపిన పిడక లోపలి పొడి, అందులో గడ్డి పోగులుంటాయి. బొగ్గుగుడ్డను అందులో పెట్టి, గూడు మూసి, కింద నుంచి సన్నగా ఊదండి. పొగ తెల్లగా, చిక్కగా మారాక ఒక్క ఊపు ఊదితే భగ్గుమంటుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పీచు పొడిగా ఉన్నట్టే ఉండి చెమ్మ పట్టి ఉంటుంది. ముందురోజు ఎండబెట్టి సీసాలో మూత పెట్టి దాచుకోండి. ఉదయగిరి, కనిగిరి మెట్టల్లో ఈ బాధ తక్కువ, అక్కడ గాలి పొడి కాబట్టి నిప్పు చేయి దాటే ప్రమాదమే ఎక్కువ.

యాస్కుడు రెండు వేల ఏళ్లకు పైబడిన నిరుక్తంలో, కంచును గానీ మణిని గానీ తుడిచి ఎండలో పట్టి, ఎండు పేడను తగలనీయకుండా ఉంచితే అది అంటుకుంటుందని రాశాడు. కంచు దర్పణం, మణి కటకం. ఈ రాతలో నేను పోలుస్తున్న రెండు జాతులూ ఆయన వాక్యంలోనే ఉన్నాయి, పీచుగా ఎండు పేడతో సహా. మొదటిసారి చదివినప్పుడు మా అత్తయ్యకు చదివి వినిపించాను.

ఎవరికి ఏది

బడిలో చూపించాలనుకునే టీచరుకు: 7.5 సెంటీమీటర్ల భూతద్దాలు నాలుగైదు, విప్పిన టార్చి డూము ఒకటి. ఒక్క పెద్దదాని చుట్టూ నలభైమంది మూగడం కన్నా గుంపుకొకటి ఇవ్వడం మేలు. పోలికే పాఠమవుతుంది. షీటు చూపించాలంటే టీచరు చేతిలోనే ఉండాలి. పక్కన బకెట్టుతో నీళ్లు, కింద మట్టినేల.

గొర్రెల వెంట, పొలం మీద రోజంతా ఉండి టీ కాచుకునేవారికి: 10 సెంటీమీటర్ల గాజుది, బొగ్గుగుడ్డ డబ్బా. జేబులో అగ్గిపెట్టె తప్పకుండా ఉంచుకోండి, వాననాడు మీ కటకం ఉత్త గాజుముక్క. కటకాన్ని కండువాలో చుట్టి సంచి అడుగున పెట్టండి. జామాయిల్ తోటల్లో రాలిన ఆకు మీద ఈ పని వద్దు. ఆ ఆకులో నూనె ఉంటుంది, గాలి తోడైతే ఆగదు.

వెలిగొండ, నల్లమల వైపు నడకకు పోయేవారికి: రిజర్వు ఫారెస్టులో ఏ పద్ధతిలోనైనా నిప్పు పెట్టడం నేరం. ఊళ్లో నేర్చుకోండి, అడవిలోకి అద్దాన్ని సంచిలోనే తీసుకెళ్లండి.

ఇంట్లో చిన్నపిల్లలుండి, సరదాగా ప్రయత్నించాలనుకునేవారికి: టార్చి డూము. అందులోకి వేలు పెడితే తప్ప కాలదు, నేల మీద పడి ఉన్నా దూరంగా ఉన్నదేదీ అంటుకోదు. కావాలనే బలం తక్కువదాన్ని ఎంచుకోవడంలో ఏ చిన్నతనమూ లేదు.

రథసప్తమికి మాలాగే పిడకలు రాజేయాలనుకునేవారికి: 10 సెంటీమీటర్ల భూతద్దం, బొగ్గుగుడ్డ, పైన చెప్పిన గూడు. పొద్దున ఏడింటికి ప్రయత్నించవద్దు, కిరణాలు మంచులోంచి, గాలిపొరలోంచి ఏటవాలుగా రావాలి కాబట్టి బలం ఉండదు. తొమ్మిది దాటాక చుక్కకు పదును వస్తుంది. అంతసేపు ఆగలేమంటే ఇంకో దారి ఉంది. 1936 నుంచి ఒలింపిక్ జ్యోతిని ఒలింపియాలో పుటాకార దర్పణంతోనే వెలిగిస్తున్నారు. ఆ రోజు మబ్బు పడితే ఏం చేయాలని, ముందు రిహార్సల్లో ఎండతో రాజేసిన నిప్పును దాచి ఉంచుతారు. మనకు దాచడం వాళ్లకన్నా బాగా తెలుసు.

గత ఏడాది అదే చేశాం. షష్ఠి మధ్యాహ్నం మేడ మీద అత్తయ్య నీడ పట్టి కూర్చుంది, నేను అద్దం పట్టాను. బొగ్గుగుడ్డ మీద ఉంగరం పాకడం ఆమే ముందు చూసింది. పిడక ముక్కలకు అంటించి, కుంపట్లో పెట్టి, పైన బూడిద కప్పాం. సప్తమి తెల్లవారింది, కావలంతా మంచు, తొమ్మిదైనా సూర్యుడు తెల్లటి బిళ్లలాగే ఉన్నాడు. అత్తయ్య చీపురు పుల్లతో నివురు పక్కకు తోసింది. కింద ఎర్రగా ఉంది. ఒక కొత్త పిడక తుంపి దాని మీద పెట్టి, వంగి ఊదింది. పాలు పొంగేటప్పటికి మంచు విడిపోతోంది.